జీర్ణోద్ధారమున నిలుచునదేది?

సర్వావయవములును క్రమముగా మార్పబడిన పిమ్మట ఒక వస్తువు పూర్వవస్తువే యగునా, లేక పూర్వనామమును మోయుచున్న వేఱొక వస్తువగునా యను ప్రశ్న మన దేశమున మిక్కిలి ప్రాచీనమైనది. దేహమును గూర్చియు, దీపజ్వాలను గూర్చియు, నదీప్రవాహమును గూర్చియు బౌద్ధ జైన వైదిక దార్శనికులు దీనిని వేయేండ్లకు పైగా తర్కించిరి. ఆ తర్కము తాళపత్రములతోడనే ముగిసిపోయినదని తలంచుట పొరపాటు. దేశరక్షణభారమును వహించు ఒక మహాశాఖ తన తంత్రులను, యంత్రములను, చిట్టాలను, ఆజ్ఞలు నడచు మార్గములను సమస్తమును క్రొత్తవానితో మార్చుకొనుచున్న యీ కాలమున, ఆ ప్రాచీనప్రశ్నయే మరల తల యెత్తుచున్నది. నేడది పండితసభలను విడిచి కార్యాలయములలోను కర్మాగారములలోను సంచరించుచున్నది. సైనికుని ప్రాణముతోడను, అతని వితంతువు పింఛనుతోడను ముడిపడియున్నది. కావున దీనికి చెప్పు సమాధానము కేవలబుద్ధివిలాసముగా నుండరాదు. ఆచరణమునకు ఆధారము కాగలిగి యుండవలెను.

బెంగుళూరు నగరమునకు తూర్పుదిక్కున నున్న మహదేవపురలో నివసించువారికి ఇది ఇంటిముంగిటి విషయము. కృష్ణరాజపురపు తీగలవంతెన దాటి పాత మదరాసుబాట పట్టిన, దూరవాణినగరమున 1948లో స్థాపితమైన ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్ కర్మాగారము కానవచ్చును. స్వతంత్రభారతమున ప్రభుత్వరంగమున వెలసిన తొలి పరిశ్రమ యదియే. ఒకతరమువారి యిండ్లలో మ్రోగిన నల్లని టెలిఫోనుపెట్టెలు అచట పుట్టినవి. పడమటివైపున సి.వి. రామన్ నగరమున రాడారులను రూపొందించు ఎల్.ఆర్.డి.ఇ. యును, 1986లో ఏర్పడిన కృత్రిమమేధా రోబోటుశాస్త్ర కేంద్రమును రక్షణపరిశోధనాసంస్థ ఛత్రచ్ఛాయలో పనిచేయుచున్నవి. వీని నడుమను చుట్టును, ఒకప్పుడు చెఱువులును రాగిచేలును పరచుకొనియున్న నేలమీద, వైట్‌ఫీల్డు వఱకు వ్యాపించిన సాఫ్టువేరు సౌధములలో అనంతపురము, కడప, గుంటూరు, వరంగల్లు సీమలనుండి వచ్చిన తెలుగుబిడ్డలు అసంఖ్యాకముగా పనిచేయుచున్నారు. పాతవ్యవస్థను క్రొత్తవ్యవస్థలోనికి చేర్చుటయే వీరిలో పెక్కుమంది నిత్యవృత్తి. వీరు ప్రతిదినమును చేయుచున్న పనిలో నిమిడియున్న ధర్మమేమో విచారించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము.

2020వ సంవత్సరమున రక్షణమంత్రిత్వశాఖ దూరవాణినగరపు ఐ.టి.ఐ. సంస్థతో ఒక ఒడంబడిక చేసికొనెను. సైన్యమునకు స్వంతమైన ఆస్కాన్ అను వార్తావాహినికి నాలుగవ దశను నిర్మించుట దాని యుద్దేశము; విలువ సుమారు 7,796 కోట్ల రూపాయలు; విధించిన గడువు 36 నెలలు. పూర్వపువాహినిలో ఏ.టి.ఎం. అను పద్ధతి యుండెడిది. ఆ పద్ధతిలో ప్రతి సందేశమును 53 బైట్ల పరిమాణముగల సమానఖండములుగా కోయబడి, ముందుగనే నిర్ణయింపబడిన దారివెంట పోవును. క్రొత్తవాహినిలో ఐ.పి. ఎం.పి.ఎల్.ఎస్. అను పద్ధతి ప్రవేశపెట్టబడినది. ఇందు సందేశఖండములు తమ నొసట చీటీలు ధరించి, ఒక మార్గము తెగిన వేఱొక మార్గమున గమ్యమును చేరుకొనును. భూమిలోని కాచతంతువులు, కొండలపై మైక్రోవేవు గోపురములు, ఆకాశమున ఉపగ్రహము అను మూడింటిపై నీ వార్తలు నడచును. సరిహద్దురేఖలకు మునుపటికంటె చేరువ వఱకు ఈ వాహిని వ్యాపించును. ఇట్లు దారియు, వాహనమును, వాహనమును నడపు నియమమును మూడును మారుచున్నవి. అయినను సరిహద్దున కాపలాయున్న వానికిని, కార్యస్థానమున నున్న సేనానికిని నడుమ మాట ఒక్క నిమేషమైనను ఆగరాదు. నిలిపివేసి మార్చుకొను స్వాతంత్ర్యము ఈ శాఖకు లేదు. నడచుచునే కాళ్లు మార్చుకొనవలసి యున్నది.

సైన్యమునకు చెందిన తంత్రీజాలమును గూర్చి ధర్మచింతన యేల యని కొందఱు శంకింపవచ్చును. మహాభారతమున సౌప్తికపర్వము ఈ శంకకు సమాధానము చెప్పుచున్నది. అశ్వత్థామయు అర్జునుడును దివ్యాస్త్రములను ప్రయోగించినపుడు, లోకములు దగ్ధము కాకుండ వ్యాసనారదులు ఆ రెండింటి నడుమ నిలిచి, వానిని మరలించుకొనుడని యాదేశించిరి. అర్జునుడు తన యస్త్రమును మరలింపగలిగెను. అశ్వత్థామ మరలింపజాలక దానిని ఉత్తర గర్భముపైకి త్రోసెను. ప్రయోగవిద్య ఇరువురకును తెలియును. ఉపసంహారవిద్య మాత్రము నియమవంతునకే వశమైనది. దండమును ధర్మమునకు లోబఱచునది యీ యుపసంహారశక్తియే. పైవాని మాట క్రిందివానికి సకాలమున, మార్పులేక, నిస్సందేహముగ చేరినపుడే ఆయుధము పట్టిన చేయి ఆగుమన్నచోట ఆగును. ముందుకు సాగుమను ఆజ్ఞ ఆలస్యమైన ఒక విజయము తప్పిపోవచ్చును. ఆగుమను ఆజ్ఞ ఆలస్యమైన నిరపరాధులు హతులగుదురు. ధర్మరాజు పలికిన వాక్యమున సగమే ద్రోణుని చెవి సోకినందున ఎంతటి యనర్థము సంభవించెనో ఆ యితిహాసమే తెలుపుచున్నది. కాబట్టి మాటను సమగ్రముగ చేర్చు మార్గమును పదిలపఱచుట అహింసాభిలాషికిని సమ్మతము కాదగిన కార్యము. ఆ మార్గము జీర్ణమైనపుడు దానిని ఉద్ధరించుట కర్తవ్యము.

ఉద్ధరించునపుడు ఏది విడువదగినది, ఏది నిలుపదగినది? ముందుగా బౌద్ధుల మాట వినుదము. పాళీభాషలోని మిలిందపఞ్హమున యవనరాజగు మిలిందునకు నాగసేనస్థవిరుడు రథదృష్టాంతమును చెప్పెను. ఇరుసు రథము కాదు, చక్రము రథము కాదు, కాడి రథము కాదు, వీని సముదాయమునకు వెలుపల రథమని వేఱొకటియు లేదు. ఇవి యన్నియు కూడినపుడు రథమను వ్యవహారము మాత్రము ప్రవర్తించును. మఱియొకచోట రాత్రియంతయు వెలుగు దీపమును చూపెను. తొలిజాములోని జ్వాలయు కడజాములోని జ్వాలయు ఒకటియని చెప్పరాదు, వేఱని చెప్పరాదు. ఒకదాని నాశ్రయించి యొకటి పుట్టుచు సంతానముగ సాగుచున్నది. అమరావతి, నాగార్జునకొండ స్తూపముల నీడలో పెరిగిన మన జాతికి ఈ చింతన పరాయిది కాదు. తంత్రులు, యంత్రములు, పద్ధతులు అను వానిని గూర్చి ఈ మాట అక్షరసత్యము. ఏ తీగయును సైన్యము కాదు, ఏ యంత్రమును శాఖ కాదు. ఇది పోయిన శాఖయే పోవునని పట్టుకొని వ్రేలాడదగిన భాగ మిందేదియు లేదు. జీర్ణమైన యంత్రముపై మమకారమును త్రెంచుటకు నాగసేనుని మాట దివ్యౌషధము.

అయితే సమస్తమును క్షణికమే యైన నిన్నటి యప్పు నేటివా డేల తీర్చవలెనను ఆక్షేపణ పుట్టును. ఈ యాక్షేపణను నాగసేనుడే యెదుర్కొనెను. ఒకడు పరుని తోటలోని మామిడిపండ్లను దొంగిలించి, ఆ తోటవాడు నాటినది టెంక, నేను కోసినవి పండ్లు, రెండును వేఱు గనుక నాకు దోషములేదని వాదించిన, ఆ వాదము చెల్లదని రాజుచేతనే చెప్పించెను. వస్తువు మారినను సంతానము తెగలేదు. సంతానము తెగనందున బాధ్యతయు తెగలేదు. ఇంజనీర్లును అధికారులును ఈ సూక్ష్మమును హృదయమున నిలుపుకొనదగును. పాతలెక్కలు పాతయంత్రముతో పోయినవి, మేము క్రొత్తవారము, మాకు తెలియదను మాట మామిడిదొంగ వాదమునకు సోదరము. యంత్రము మారుటచే ఋణము రద్దు కాదు.

జైనదార్శనికులు ఈ విషయమును మఱియొక కోణమునుండి చూచిరి. ఉత్పత్తియు, వ్యయమును, ధ్రౌవ్యమును మూడును కలిసినదే సద్వస్తువని వారి సిద్ధాంతము. సమంతభద్రాచార్యుడు ఆప్తమీమాంసలో దీనికి సువర్ణదృష్టాంతమును చూపెను. బంగారుకుండను కరగించి కిరీటము చేయునపుడు, కుండ కావలసినవాడు శోకించును. కిరీటము కావలసినవాడు సంతోషించును. బంగారము కావలసినవాడు తటస్థుడై యుండును. ఏ కార్యాలయమున నూతనవ్యవస్థ ప్రవేశించినను ఈ ముగ్గురును కానవచ్చుచునే యున్నారు. ముప్పదియేండ్లు దస్త్రములతో సహజీవనము చేసిన గుమాస్తా పాతపద్ధతికై దుఃఖించును. ఆతని దుఃఖము హాస్యాస్పదము కాదు, ఏలయన ఆ పద్ధతిలో ఆతని యాయువు కరగినది. నూతనయంత్రమును నిర్మించువాడు దాని వేగమును చూచి హర్షించును. ఆ హర్షమును దోషము కాదు. కాని శాఖాధిపతియైనవాడు బంగారమును కోరువాడు కావలెను. కుండకై యేడ్వక, కిరీటమునకు మురియక, కరగించినపుడు ఒక్క గురిగింజయెత్తు బంగారమైనను జారిపోయెనేమో యని కనిపెట్టియుండుట ఆతని ధర్మము. ఇక తేల్చవలసిన దొక్కటి: ఈ శాఖయందలి బంగార మేది?

దీనికి శంకరభగవత్పాదుల బ్రహ్మసూత్రభాష్యమునుండి ఒక వెలుగు లభించుచున్నది. క్షణికవాదమును ఖండించుచు వారు అనుస్మృతిని ప్రమాణముగ చూపిరి. నిన్న చూచిన నేనే నేడు స్మరించుచున్నాననెడి జ్ఞానము, చూచినవాడును స్మరించువాడును ఒక్కడే యైనగాని పొసగదు. సాదృశ్యముచే ఇది సాధ్యమని చెప్పరాదు. దీనికి అది పోలియున్నదని తెలియుటకును ఆ రెండింటిని చూచిన ఒక్క ద్రష్ట కావలెను. బాహ్యవస్తువుల విషయమున సందేహము కలిగిన కలుగవచ్చును. తన్ను గూర్చి మాత్రము ఎవనికిని సందేహము కలుగదు. ఇది జీవాత్మను గూర్చిన సిద్ధాంతము. ప్రభుత్వశాఖకు ముఖ్యార్థమున ఆత్మ యున్నదని చెప్పుట అపచారము. శాఖ మనుష్యులచే కల్పితమైన ధర్మబంధము మాత్రమే. ఐనను ఉపచారముగ ఒక మాట చెప్పవచ్చును. మనుష్యుని యేకత్వమునకు అనుస్మృతి యెట్టి చిహ్నమో, సంస్థ యేకత్వమునకు ప్రత్యభిజ్ఞ అట్టి చిహ్నము. నీవెవరవో నాకు తెలియును, నీకు నేనిచ్చిన మాట నాకు జ్ఞాపకమున్నది యని తన మనుష్యునితో అనగలిగినంతవఱకు ఆ సంస్థ జీవించియున్నది. ఆ మాట అనలేనినాడు, భవనము నిలిచినను, పతాకము ఎగిరినను, యంత్రములు నిరంతరము మెఱయుచున్నను, పాతసంస్థ గతించి దాని స్థానమున ఆ పేరును మోయుచున్న యపరిచితుడు కూర్చుండినట్లే. ఇచ్చిన మాటయొక్క స్మృతియే ఆ బంగారము.

ఇది భావనామాత్రము కాదనుటకు ఇటీవలి చరిత్రలో నిదర్శనము కలదు. రక్షణశాఖకు చెందిన పింఛనుదారులు 30 లక్షలకు పైబడియున్నారు. పూర్వము వీరి పింఛనులు బ్యాంకులు, ఖజానాలు, తపాలాకార్యాలయములు, శాఖవారి స్వంత పంపిణీకార్యాలయములు అను పలుద్వారములగుండ చేరెడివి. ప్రయాగలో ద్రౌపదీఘట్టమున నున్న ప్రధానకార్యాలయమునుండి మంజూరైన పీపీఓ యను పింఛను చెల్లింపు ఆజ్ఞాపత్రము ఒకచోట, చెల్లింపు మఱియొకచోట, తప్పు దిద్దుట ఇంకొకచోట. ఈ చిక్కును తొలగించుటకు 2021 మొదలు స్పర్శ యను ఏకీకృతవ్యవస్థను ప్రవేశపెట్టిరి. మంజూరునుండి చెల్లింపు వఱకు ఒక్కచోటనే జరుగవలెననియు, వృద్ధసైనికుడు తన లెక్కను తానే చూచుకొనవలెననియు దీని సంకల్పము. ఆ సంకల్పము నిస్సందేహముగ శ్లాఘ్యము. కాని మార్పుకాలమున 2022 ఏప్రిలు మాసపు పింఛను, వార్షికముగ జరుగవలసిన గుర్తింపు ధ్రువపడనందున, 58,275 మందికి సకాలమున జమకాలేదు. మే నెల 4వ తేదీన రక్షణశాఖ ప్రత్యేకమైన మినహాయింపు నిచ్చి ఆ సొమ్మును జమచేయించి, గుర్తింపునకు ఆ నెల 25 వఱకు గడువు నొసగెను. దిద్దుబాటు త్వరగనే జరిగినది. అందులకు శాఖను అభినందింపవలెను. అయినను ఆ కొలదిదినములలో ఈ వ్యాసమున చర్చింపబడుచున్న ప్రశ్న సంపూర్ణముగ మూర్తీభవించినది. ధనము లేకపోలేదు, మంజూరు లేకపోలేదు, మనుష్యులు లేకపోలేదు. లోపించినది గుర్తింపు మాత్రమే.

ఒక పల్లెయందలి వృద్ధవితంతువును తలచుకొందము. భర్త సైన్యమున సేవచేసి గతించెను. పాతదస్త్రమున ఆమె పేరు ఒకరీతిగను, ఆధారు చీటీలో మఱియొకరీతిగను వ్రాయబడినది. ఇంటిపేరును ముందు వ్రాయు మన ఆచారమును, తుద వ్రాయు ఉత్తరదేశపు ఆచారమును కలిసి ఆ పేరును రెండు చేసినవి. జీవితాంతము కూలిపని చేసినందున వ్రేళ్లమీది రేఖలు అరిగిపోయి యంత్రమునకు పట్టుబడవు. పూర్వపు బ్యాంకులోని గుమాస్తా ఆమె ముఖమును ఎఱిగినవాడు. ఆతని యెఱుక ఎచటను వ్రాయబడలేదు గనుక క్రొత్తయంత్రములోనికి చేరలేదు. పత్రములోని యక్షరములన్నియు తప్పులేక చేరినవి. పత్రముల నడుమ అలిఖితముగ వర్తించుచుండిన ప్రత్యభిజ్ఞ జారిపోయినది. పరివర్తనమున నష్టమగు బంగారము తఱచుగ ఇట్టిదే. లెక్కింపదగినది పోయిన వెంటనే తెలియును. అలిఖితమైనది పోయినచో, ఒక వృద్ధురాలు బ్యాంకుగడపయొద్ద నిలిచి రిక్తహస్తములతో వెనుదిరిగినపుడుగాని తెలియదు.

ఇట్టి ప్రమాదమును మన ఆగమకర్తలు చిరకాలము క్రిందటనే గుర్తించి, జీర్ణోద్ధారమను పేర ఒక సమగ్రవిధానమును నిర్మించిరి. యంత్రశాలను దేవాలయముతో సమానము చేయుట నా యభిప్రాయము కాదు. పరుల నమ్మకమును ధరించిన దేనినైనను మార్చునపుడు పాటింపవలసిన క్రమమును ఆ శాస్త్రము నేర్పుచున్నదని మాత్రమే చెప్పుచున్నాను. అందు మొదటి నియమము బాలాలయము. గర్భగృహమున పని యారంభింపబోవుటకు ముందు, అర్చకులు మూలమూర్తియందలి కళను కుంభజలమున ఆవాహనచేసి, తాత్కాలికమైన చిన్నయాలయమున నిలిపి, నిత్యార్చనలను అచట జరుపుదురు. తిరుమలలో పండ్రెండేండ్ల కొకసారి జరుగు అష్టబంధన మహాసంప్రోక్షణము 2018 ఆగస్టులో ఈ క్రమముననే జరిగినది. యాదగిరిగుట్టలో 2016 ఏప్రిలునుండి బాలాలయమున పూజలు సాగగా, చుట్టును కృష్ణశిలతో ప్రధానాలయము నిర్మితమై, 2022 మార్చి 28న తిరిగి తెఱువబడినది. గుహలోని స్వయంభూమూర్తి మాత్రము కదలలేదు. ఆలయమంతయు మారినను అర్చన ఒకనాడును లోపింపలేదు. పని తెలిసిన యింజనీర్లు పాతవ్యవస్థను క్రొత్తవ్యవస్థతో కొంతకాలము సమాంతరముగ నడుపుట యీ బాలాలయధర్మమే. వ్యయమునకు వెఱచియో, గడువునకు తొందరపడియో బాలాలయము లేకయే గర్భగృహమును కూల్చువాడు శిల్పి కాడు, విధ్వంసకుడు.

రెండవ నియమము జీర్ణబింబవిసర్జనము. శిథిలమైన బింబమును నిర్లక్ష్యముగ విడిచిన అందు భూతప్రేతములు నివాసమేర్పఱచుకొనునని జీర్ణోద్ధారశాస్త్రము హెచ్చరించుచున్నది. యంత్రలోకమున ఈ హెచ్చరిక యెంత యథార్థమో 2017 మే నెలలో ప్రపంచమంతయు చూచినది. రక్షాలేపమునకు నోచుకొనక పాతబడియున్న కంప్యూటర్లను వాన్నాక్రై యను ఉపద్రవము ఆవేశించి, దస్త్రములకు తాళములు వేసి విమోచనధనమును కోరెను. బ్రిటను దేశపు ఆసుపత్రులు స్తంభించినవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి యంత్రములు కొన్నియు దానివాత పడినవి. కావున పాతదానిపై భక్తియని చెప్పి శిథిలమును అట్లే నిలుపుట భక్తి యనిపించుకొనదు. ఏది దేవతను ధరించి యుండెనో అది యిపుడు దేవతను ధరింపజాలనిదైనపుడు, దానికి నమస్కరించి, విధిపూర్వకముగ జలములందో భూమియందో విసర్జింపవలెను. రక్షణశాఖలో రహస్యములను మోసిన డిస్కులను చెత్తకుప్పకు విడువక, పునరుద్ధరణకు వీలులేకుండ నశింపజేయుట ఇట్టి విసర్జనమే. త్యాగము చేయనేరనివాడు జీర్ణోద్ధారమునకు అనర్హుడు.

మూడవ నియమమునకు పూరీక్షేత్రము సాక్షి. అధికాషాఢము వచ్చు కొన్ని సంవత్సరములలో జగన్నాథునకు నవకళేబరము జరుగును; 1996లో జరిగి, మరల 2015లో జరిగినది. క్రొత్త వేపమ్రానితో దేహము సిద్ధమైన పిమ్మట, పాతదేహమునుండి బ్రహ్మపదార్థమును దైతలనబడు సేవకులు నడురేయి క్రొత్తదేహములోనికి చేర్తురు. ఆ సమయమున వారి కన్నులకు గంతలు కట్టబడియుండును; చేతులకు వస్త్రములు చుట్టబడియుండును. తాము మోయుచున్న దేమో వారు చూడరు, చర్మముతో స్పృశింపరు. పాతదేహములు కోయిలీవైకుంఠమను స్థలమున భూస్థాపితములగును. పరమపవిత్రమైనదానిని మోయు హస్తము దానిని తన కన్నులకు విందుచేసికొనరాదను ఈ నియమము నాకు అత్యద్భుతముగ తోచును. లక్షలమంది సైనికుల పేర్లు, ఊళ్లు, గాయములు, రోగములు, నామినీలు, ఋణములు ఒక యంత్రమునుండి మఱియొక యంత్రములోనికి ప్రవహించునపుడు, ఆ ప్రవాహమునకు కాలువ త్రవ్వువాడు అందలి నీటిని త్రాగరాదు. గుప్తలిపిలోనికి మార్చుట, అధికారపరిమితులను విధించుట, ఎవడు ఏది చూచెనో వ్రాసియుంచుట అను పద్ధతులు కన్నులకు కట్టిన గంతలవంటివి. అయితే గంత కట్టించుకొను సంకల్పము బయటినుండి రాదు. అది అపరిగ్రహమను వ్రతమునుండి పుట్టవలెను. చూడగలిగియు చూడకుండుటయందే శీలము కలదు.

ఇచట ఒక ప్రతివాదము వినదగినది. స్మృతియే సంస్థకు ప్రాణమైన, పాతతప్పులను కూడ స్మృతియని చెప్పి మోసికొని పోవలెనా? వ్రాతలో జరిగిన పొరపాటు, ఒక సైనికునకు తక్కువగ నిర్ణయింపబడిన పింఛను, దస్త్రమున తారుమారైన జన్మదినము, ఇవియు పూర్వస్మృతులే కదా? ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రమున సమాధానము కలదు. పాపమును స్మరించుట దానిని కొనసాగించుటకై యుద్దేశింపబడలేదు, ప్రాయశ్చిత్తమునకై యుద్దేశింపబడినది. జీర్ణోద్ధారకాలమున శిల్పి బింబమునందలి పగుళ్లను కప్పిపుచ్చక పరీక్షించునట్లు, దత్తాంశపరివర్తనకాలమున శాఖ తన తప్పులను వెదకి గుర్తింపవలెను. దస్త్రములన్నింటిని ఒక్కమాఱు ఆమూలాగ్రముగ తడవి చూచు అవకాశము ఒక తరమున ఒక్కసారియే కలుగును. అపుడు తప్పులను దిద్దక యథాతథముగ క్రొత్తయంత్రమున ప్రతిష్ఠించిన, పూర్వము మనుష్యదోషమై యుండినది ఇపుడు యంత్రాధికారమును ధరించి, ప్రశ్నింపరాని సత్యమువలె చెలామణి యగును. మనుష్యుని తప్పును వేడుకొని దిద్దించుకొనవచ్చును. యంత్రమున ముద్రితమైన తప్పునకు ఏ గడపయొద్ద మొఱపెట్టుకొనవలెనో ఆ వృద్ధురాలికి తెలియదు. కాబట్టి ప్రతి నూతనవ్యవస్థయందును ఒక మనుష్యద్వారము తెఱచియుండవలెను. యంత్రము కాదన్నపుడు అవునని చెప్పు అధికారమును, అట్లు చెప్పుటకు విచారించు హృదయమును గల ఒక వ్యక్తి అచట కూర్చుండియుండవలెను. ఇది దయాదాక్షిణ్యముగా చేయదగినది కాదు. సంస్థ తాను తానుగా నిలుచుటకు ఆవశ్యకమైన యంగము.

మహదేవపురలోని సౌధములలో రాత్రింబవళ్లు కూర్చుండి, అక్షరములను యంత్రభాషలోనికి మార్చుచున్న యువకులకును యువతులకును ఈ విచారమంతయు పనికిరాని వేదాంతముగ తోపకుండుగాక. వారిలో అధికాంశమునకు తాము చేయుచున్న పని యెవనికి చేరునో తెలియదు. వందలమంది నడుమ విభక్తమైన పనిలో తమ భాగము ఒక చిన్న ఖండము. ఫలమును చూడక పనిచేయవలసిన యీ స్థితిని దుఃఖహేతువుగా భావించువారు కలరు. గీతాధర్మము దీనినే సాధనముగ మార్చుకొనుమని బోధించుచున్నది. ఐతే నిష్కామమనగా నిర్లక్ష్యము కాదు. ఫలమును తనకై కోరకుండుట నిష్కామము. ఫలము పొందవలసినవానిని మఱచిపోవుట ప్రమాదము. తన యెదుట తెరపై నున్న ఒక పంక్తి వెనుక హిమశిఖరమున కాపున్న వాడొకడును, రాయలసీమ పల్లెలో మొదటితేదీకై యెదురుచూచు ముసలిదొకతెయు ఉన్నారని స్మరించుచు ఆ పంక్తిని పరీక్షించువాడు యజ్ఞము చేయుచున్నాడు. ఆ స్మరణము లేక చేసిన పని ఎంత నేర్పుగ చేసినను కూలి మాత్రమే.

వేగము, విస్తారము, భద్రత అను మూడింటితో నూతనవ్యవస్థలను కొలుచుట లోకమున పరిపాటియైనది. ఆ కొలతలు అవసరములే. వీనికి తోడు నాలుగవ కొలత యొకటి యుండవలెను: మార్పునకు ముందు ఈ శాఖ యెవరెవరిని తనవారిగ ఎఱిగియుండెనో, మార్పునకు పిమ్మటను వారినందఱిని, ఒక్కరినైనను విడువక, తనవారిగ ఎఱుగుచున్నదా? తంత్రులు నశించుగాక, యంత్రములు నశించుగాక, వానిని నడపిన పద్ధతులును వానితోడనే నశించుగాక. నాగసేనుడు వానికై విలపింపవలదని చెప్పెను, సమంతభద్రుడు బంగారముపై కన్ను నిలుపుమని చెప్పెను, శంకరులు అనుస్మృతియందు ఏకత్వమును చూపిరి, ఆగమములు అర్చన తెగకుండ ఆలయమును మార్చు క్రమమును నేర్పినవి. ఈ నాలుగు మాటలును ఒక్క విధిగా పరిణమించుచున్నవి. ఏ ఒడంబడికయందును, ఏ గడువుపట్టికయందును, వ్యవస్థ పూర్తియైనదని సంతకము చేయుటకు ముందు, చిట్టచివరి మనుష్యుడు గుర్తింపబడెనా యని అడుగవలెను. ఆ ప్రశ్నకు అవునను సమాధానము వచ్చువఱకు జీర్ణోద్ధారము ముగియలేదు; బాలాలయమును తొలగించు నధికారము ఎవనికిని లేదు.